ఇంటి కథలు పోకముందే: పెద్దవాళ్ల జ్ఞాపకాలను దాచుకోవడం ఎలా

మా అమ్మమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టె తెరిస్తే, అడుగున ఒక గ్రూప్ ఫొటో దొరికింది. అరచేతిలో పట్టేంత చిన్నది. ఏడుగురు ఆడపిల్లలు, అందరికీ రెండు జడలు. ఎడమ నుంచి మూడో పిల్ల అమ్మమ్మ అని ముక్కు చూసి పోల్చుకున్నాం. ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడ్డ పిల్ల ఎవరో మాలో ఒక్కరికీ తెలియలేదు. తిప్పి చూస్తే వెనక ఊదారంగు సిరాతో ఒకే ఒక్క మాట రాసి ఉంది: ‘మేము’.

ఆ ఫొటోను నేను చిన్నప్పుడు అమ్మమ్మ చేతుల్లోనే చూశాను. "పక్కనున్న ఆవిడ ఎవరు అమ్మమ్మా?" అని ఆ రోజు అడిగి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. అడగలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల మాటలు రికార్డు చేస్తూ వచ్చాను. కొన్ని బాగా కుదిరాయి, కొన్ని చేతులారా పోగొట్టాను. మీరు అలా పోగొట్టుకోకూడదని ఇదంతా వరసగా రాస్తున్నాను.

ముందు ఏది, తర్వాత ఏది

చాలామంది ఈ పనిని ఫొటోలు స్కాన్ చేయడంతో మొదలుపెడతారు. ఎవరినీ కదిలించక్కర్లేదు, చేసినకొద్దీ పని కళ్లకు కనబడుతుంది కాబట్టి అది తేలిక. కానీ ఏది ముందు పోతుందో దాన్ని ముందు పట్టుకోవాలి. మనుషులు మొదట. తర్వాత క్యాసెట్లు, వీడియో టేపులు. తర్వాత ఫొటోలు. ఉత్తరాలు, కాగితాలు చివర. పెట్టెలో పొడిగా ఉన్న ఉత్తరం ఇంకో యాభై ఏళ్లయినా ఉంటుంది. ఎనభై ఏడేళ్ల పెద్దమ్మ జ్ఞాపకం అలా ఉండదు.

ఒక కాగితం తీసుకుని ఇంట్లో పెద్దవాళ్లందరి పేర్లూ రాయండి. పేరు పక్కన వయసు, ఆరోగ్యం, ఆ మనిషికి మాత్రమే తెలిసిన సంగతులు రాయండి. ‘పాత ఇల్లు ఎందుకు అమ్మారో పెద్దమామయ్యకే తెలుసు’ అన్నట్టు. ఈ మూడో గడి నింపుతుంటేనే ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో అర్థమవుతుంది. బాగా మాట్లాడే మనిషి దగ్గరికే పరిగెత్తకండి. ఆయన కథలు ఇప్పటికే పదిమందికి తెలిసి ఉంటాయి. మూలన కూర్చుని అందరి మాటలూ వినే మనిషిని ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు. మతిమరుపు మొదలైందనిపించినా, చెవి మందగిస్తున్నా, ఆ పేరు జాబితాలో పైకి రావాలి.

రికార్డు చేసేముందు

చెప్పకుండా రికార్డు చేయొద్దు. "నీ మాటలు దాచుకోవాలని ఉంది, ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను, నీకు వద్దనిపిస్తే ఆపేస్తాను" అని చెప్పండి. "నా దగ్గర ఏముంది చెప్పడానికి?" అనే జవాబే దాదాపు ప్రతి ఒక్కరి నుంచీ వస్తుంది. దాన్ని ‘వద్దు’ అనుకోకండి. ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెట్టేయండి.

ఖరీదైన మైకులు అక్కర్లేదు, ఫోన్ చాలు. కావాల్సిందల్లా నిశ్శబ్దం. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా చిన్నతాతయ్య చేత ఒక మధ్యాహ్నం రెండు గంటలు మాట్లాడించాను. ఇంటికొచ్చి వింటే తల మీద తిరుగుతున్న ఫ్యాన్ హోరు, పక్కగదిలో టీవీ. మధ్యమధ్య ఆయన గొంతు ఒక్కో ముక్క. మళ్లీ వెళ్దాంలే అనుకున్నాను. మూడు నెలల తర్వాత వెళ్లేసరికి ఆయనకు స్ట్రోక్ వచ్చి మాట పడిపోయింది. ఆ రెండు గంటల్లో ఆయన ఏం చెప్పాడో నాకు గుర్తున్నంత నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఐదు పేజీలు కూడా రాలేదు.

అందుకని ఫ్యాన్, టీవీ ఆపండి, కిటికీ మూయండి. వంటగది పక్కన, ఫ్రిజ్ దగ్గర కూర్చోకండి. పరుపు, కర్టెన్లు, బట్టల అల్మరా ఉన్న పడగ్గది చాలా మంచిది, ప్రతిధ్వని ఉండదు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి కథ మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. చార్జింగ్, స్టోరేజ్ ఎంతున్నాయో చూసుకోండి. ఫోన్‌ను మడతపెట్టిన తువ్వాలు మీద, మాట్లాడే మనిషికి అడుగున్నర దూరంలో ఉంచండి. టేబుల్ మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టిన చప్పుడు, చెయ్యి ఆనించిన చప్పుడు అన్నీ ఎక్కుతాయి. ఒక్క నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్స్‌తో విని, అప్పుడు మొదలుపెట్టండి.

రికార్డర్ యాప్‌లో డబ్ల్యూఏవీ అనే ఫార్మాట్ ఎంచుకునే వీలుంటే అదే ఎంచుకోండి. సీడీ నాణ్యతలో గంటకు సుమారు 600 ఎంబీ తీసుకుంటుంది కానీ శబ్దం ఏమీ కోతపడదు. ఆ వీలు లేకపోతే ఫోన్ మామూలుగా ఇచ్చే ఫైలు కూడా పనికొస్తుంది. ఫార్మాట్ కుదరలేదని పని వాయిదా వేయకండి.

వీడియో కంటే ఆడియోనే నాకు నమ్మకం. కెమెరా ముందు పెద్దవాళ్లు బట్టలు సర్దుకుంటారు, గొంతు సర్దుకుంటారు, మాట్లాడేది కూడా సర్దుకుంటారు. గంటసేపు ఆడియో తీసుకుని, చివర్లో అలవాటుపడ్డాక ఐదు నిమిషాలు వీడియో తీయండి. ముఖం, చేతులు తిప్పే తీరు, నవ్వు అందులో వచ్చేస్తాయి.

మొదలుపెట్టగానే తేదీ, చోటు, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు అడుగుతున్నారు అన్నది మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు ఎప్పుడైనా మారిపోవచ్చు, లోపల చెప్పిన మాట మారదు.

ఒక్కో కూర్చోవడం ముప్పావుగంట, మహా అయితే గంట. 2003లో న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో స్టోరీకోర్ అనే సంస్థ ఒక చిన్న గది కట్టి, బాగా తెలిసిన ఇద్దరు మనుషులను ఎదురెదురుగా కూర్చోబెట్టి 40 నిమిషాలు మాట్లాడించడం మొదలుపెట్టింది. ఆ సంభాషణలు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రమవుతున్నాయి. అక్కడ ప్రశ్నలు అడిగేది విలేకరులు కాదు, సొంత కూతురు, మనవడు, స్నేహితుడు. కాబట్టి అనుభవం లేదని మీరు వెనకాడక్కర్లేదు. మీకంటే బాగా అడగగలిగేవాళ్లు లేరు.

ఏం అడగాలి

"నీ జీవితం గురించి చెప్పు" అని అడిగితే, "ఏముంది, పుట్టాం, పెరిగాం, పెళ్లయింది, పిల్లలు" అని నాలుగు ముక్కల్లో ముగిసిపోతుంది. అంత పెద్ద ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. చిన్నది అడగండి.

నేను ప్రతి ఒక్కరినీ మొదట అడిగేది ఇదే: "నువ్వు చిన్నప్పుడున్న ఇంట్లోకి నన్ను తీసుకెళ్లు. గుమ్మం దాటగానే ఏం కనబడుతుంది?" అమ్మమ్మ చెల్లెల్ని ఇలా అడిగితే ముందు "ఏముంటుంది, గది" అంది. ఏ వైపు కిటికీ అని అడిగాను. కళ్లు మూసుకుంది. కుడిచేత్తో గాల్లో తలుపు తోసింది. "ఇక్కడ నాన్న చెప్పులు. ఇక్కడ కుట్టుమిషన్. దాని కింద నేను కూర్చునేదాన్ని, అమ్మ తొక్కుతుంటే ఆ చక్రం గాలి నా మొహానికి కొట్టేది" అంది. ఆ తర్వాత నలభై నిమిషాలు నేను అడిగింది మూడే ప్రశ్నలు. కుట్టుమిషన్ నుంచి వాళ్లమ్మ రాత్రిళ్లు పరాయివాళ్ల బట్టలు కుట్టడం, అక్కడి నుంచి నాన్నకు ఉద్యోగం పోయిన సంవత్సరం, అక్కడి నుంచి అక్కాచెల్లెళ్లలో ఎవరు బడి మానాలన్న గొడవ. ఆ సంగతులేవీ మా అమ్మకు కూడా తెలియవు.

చోటు తర్వాత చేతులు. "మీ నాన్నగారు పని నుంచి రాగానే మొదట ఏం చేసేవారు?" "మీ అమ్మగారి చేతులు ఎలా ఉండేవి?" "ఇంట్లో ఎవరి అడుగుల చప్పుడు వింటే మీరు పుస్తకం తీసేవారు?" ఆ తర్వాత మొదటిసారులు: మొదటి జీతం దేనికి ఖర్చుపెట్టారు, ఇంటికి దూరంగా మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు, మొదటిసారి ఎవరి చావు చూశారు. ఆ తర్వాత మలుపులు: ఏ నిర్ణయం ఇంకోలా తీసుకుని ఉంటే బాగుండేదనుకుంటారు, ఎవరికి క్షమాపణ చెప్పాలనుకుని చెప్పలేకపోయారు. ఈ చివరి రకం ప్రశ్నలు మొదటి రోజే అడగొద్దు.

పెద్దవాళ్లకు నిన్నమొన్నటి వాటికంటే బాల్యం, యౌవనం బాగా గుర్తుండటం మీరు చూసే ఉంటారు. సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవి ఎక్కువగా గుర్తుకు రావడాన్ని మనస్తత్వ శాస్త్రంలో ‘రెమినిసెన్స్ బంప్’ అంటారు. కాబట్టి మొదటి రెండు మూడు రోజులు ఆ ఇరవై ఏళ్ల చుట్టూనే తిరగండి. మాట తెరిపిన పడుతుంది, తర్వాత మిగతావి వాటంతటవే వస్తాయి.

మాటలు రానప్పుడు వస్తువులు చేతికివ్వండి. పాత ఫొటో, తాళంచెవి, కళ్లద్దాల డబ్బా. లేదా కాగితం, పెన్సిల్ ఇచ్చి "ఇంటి ప్లాన్ గీయి" అనండి. చెయ్యి వణికి గీతలు వంకరపోయినా పర్వాలేదు. ఆ కాగితం మీద తేదీ వేసి దాచండి, అది కూడా ఒక పత్రమే.

పాట, జోల, పొడుపుకథ, ఇంట్లో మాత్రమే వాడే ముద్దుపేర్లు, వెక్కిరింపు మాటలు తప్పకుండా అడగండి. అవి రాసి పెట్టుకుంటే చాలవు, ఆ గొంతులోనే ఉండాలి.

వినేటప్పుడు

నాకు చాలా కష్టమైన సంగతి మౌనం. అవతలి మనిషి ఆగగానే మనం ఇంకో ప్రశ్న వేసేస్తాం. వేయకండి. మనసులో పది లెక్కపెట్టండి. ఏడు, ఎనిమిది దగ్గర చాలాసార్లు అసలు మాట వస్తుంది.

సరిదిద్దొద్దు. "కాదు అత్తయ్యా, అది పెళ్లికి ముందు" అన్నారంటే ఆవిడ ఇక ప్రతి మాటకీ మీ మొహం చూస్తుంది. తప్పు తేదీని తర్వాత కాగితం మీద మీరు రాసుకోవచ్చు. జ్ఞాపకం అంటే ఫొటో కాదు, చెప్పిన ప్రతిసారీ కొంచెం మారుతుంది. బ్రిటిష్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే దీన్ని చూపించాడు. తమకు అలవాటులేని ఒక కథను చదివి మళ్లీ మళ్లీ చెప్పిన మనుషులు, అర్థంకాని ముక్కలను వదిలేసి, తమకు తెలిసిన లోకానికి తగ్గట్టు దాన్ని మార్చేసుకున్నారు. కాబట్టి ఒకే సంఘటనను ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఏది నిజమో పంచాయితీ పెట్టకండి. రెండూ ఉంచండి, ఎవరిది ఏ మాటో రాయండి. మా ఇంట్లో ఇల్లు అమ్మిన సంగతి మీద మూడు కథలున్నాయి. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే ఆ ఏడాది ఆ ఇంట్లో ఒక్కొక్కళ్లు ఎంత ఒంటరిగా ఉన్నారో నాకు తెలిసింది.

కన్నీళ్లొస్తే రికార్డర్ వంక చెయ్యి చాచకండి, మనిషి వంక చాచండి. కాసేపయ్యాక "ఆపమంటావా?" అని అడగండి. "ఈ ముక్క ఎవరికీ వినిపించొద్దు" అంటే ఆ మాటకు కట్టుబడాలి. కొందరు "నేను పోయాక వినండి" అంటారు. అలాంటి ఫైలును విడిగా ఉంచి, షరతు ఏమిటో పక్కనే రాసి పెట్టండి. బతికున్న వేరే మనిషి రహస్యం బయటపడితే, అది మీకు చెప్పిన మాట మాత్రమే, కుటుంబ గ్రూపులో పెట్టేది కాదు.

కష్టాలు, ఓటములు, తగాదాలు తీసేయాలనిపిస్తుంది. అవి ఉండాలి. అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో పనిచేసిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వవేత్తలు, పిల్లలకు తమ కుటుంబం గురించి ఎంత తెలుసో కొలవడానికి 20 ప్రశ్నలు తయారుచేశారు. అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారు, పెద్దవాళ్లు చిన్నప్పుడు ఎలాంటి దెబ్బలు తిన్నారు, నీకు ఆ పేరు ఎలా వచ్చింది లాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనబడింది. జవాబులు బట్టీపట్టిస్తే ఆ ఫలితం రాదనీ, ఏళ్లతరబడి ఇంట్లో సాగే మాటల వల్లే వస్తుందనీ వాళ్లే చెప్పారు. కుటుంబం పైకెళ్లిన కథ ఒక్కటే కాదు, పడి లేచిన కథ పిల్లలకు ఆసరా అవుతుందన్నది కూడా వాళ్ల మాటే.

క్యాసెట్లు, వీడియో టేపులు

ఫిలిప్స్ కంపెనీ ఆడియో క్యాసెట్‌ను 1963లో తెచ్చింది, వీహెచ్ఎస్ వీడియో టేపు 1976లో వచ్చింది. టేపు మీది పూత కాలంతో పాటు పాడవుతుంది, అంతకంటే ముందు ఆడించే మెషిన్లు మాయమవుతాయి. వీడియో టేపులు ఆడించే వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన చివరి పెద్ద కంపెనీ జపాన్‌లోని ఫునాయ్, 2016 జులైలో తయారీ ఆపేసింది. ఇలాంటి మాగ్నెటిక్ టేపుల మీదున్నది త్వరగా డిజిటల్‌లోకి మార్చుకోకపోతే శాశ్వతంగా పోతుందని ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కో 2019లో ప్రత్యేకంగా హెచ్చరించింది. ఇంట్లో ఎక్కడో అట్టపెట్టెలో క్యాసెట్లుంటే ఈ పని ఈ ఏడాదే చేయండి.

ముట్టుకునేముందు క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి. ఇక పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాత గొంతు చెరిగిపోదు. ఏళ్లుగా కదలని టేపును ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పి అప్పుడు ఆడించండి. తెల్లటి బూజు కనబడితే ఆడించొద్దు, మెషిన్‌కూ అంటుకుంటుంది, టేపూ తెగుతుంది. అలాంటివి టేపులు బాగుచేసే వాళ్లకే ఇవ్వాలి. బయట ఇచ్చేటప్పుడు అన్నీ ఒకేసారి ఇవ్వకండి. ఒక్కటి ఇచ్చి, వచ్చాక విని, అప్పుడు మిగతావి. డిజిటల్ కాపీ వచ్చాక కూడా అసలు టేపు పారేయొద్దు.

ఫొటోలు

ఫొటోను స్కాన్ చేయడం కంటే అందులో ఎవరున్నారో రాయడం ముఖ్యం. పేర్లు లేని వెయ్యి స్కాన్ల కంటే పేర్లున్న యాభై ఫొటోలు మేలు. కాబట్టి ముందు ఆల్బమ్ పట్టుకుని పెద్దవాళ్ల పక్కన కూర్చోండి, రికార్డర్ ఆన్ చేయండి. "ఎనిమిదో ఫొటో, ఎడమ నుంచి మొదలుపెడదాం" అంటూ నంబరు పైకి చెప్పండి. లేకపోతే తర్వాత వింటే ఏ ఫొటో గురించో తెలియదు. ఫొటోలో ఉన్నవాళ్ల తర్వాత, ఆ ఫొటో ఎవరు తీశారు, ఆ రోజు ఎవరు రాలేదు అని కూడా అడగండి. రానివాళ్ల దగ్గరే కథ ఉంటుంది.

మా ‘మేము’ ఫొటోను కూడా అలాగే అమ్మమ్మ చెల్లెలికి చూపించాను. చాలాసేపు చూసింది. "పేరు గుర్తులేదు, అక్కకి లెక్కలు చెప్పేది" అంది. అంతే. ఇప్పుడు ఆ ఫొటో కవరు మీద ఇలా ఉంది: ‘ఎడమ నుంచి 3: అమ్మమ్మ. 4: పేరు తెలియదు. బడిలో అమ్మమ్మకు లెక్కలు చెప్పిన స్నేహితురాలు (అమ్మమ్మ చెల్లెలు చెప్పింది). మిగతా ఐదుగురు తెలియదు.’ మీరూ అలాగే రాయండి: ఎవరు చెప్పారో రాయండి, తెలియనిది తెలియదని రాయండి. ‘నాన్న’, ‘అత్తయ్య’ అని రాస్తే మీ మనవలకు అర్థం కాదు. పూర్తి పేరు, పుట్టింటి పేరు, చుట్టరికం రాయాలి.

ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయకూడదు. ఒత్తిడికి ముందువైపు గీత తేలుతుంది, సిరా పక్క ఫొటోకు అంటుతుంది. పాత నలుపు తెలుపు ఫొటోల వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచు పక్కన, ఒత్తకుండా రాయొచ్చు. ప్లాస్టిక్ పూత ఉండే కలర్ ప్రింట్ల మీద పెన్సిల్ పడదు, వాటిని కాగితపు కవరులో పెట్టి, ఫొటో పెట్టకముందే కవరు మీద రాయండి.

జిగురు పేజీల మీద ఫొటో అంటించి పైన ప్లాస్టిక్ షీటు కప్పే ఆల్బమ్‌లు చాలా ఇళ్లలో ఉంటాయి. ఫొటోలకు వాటికి మించిన శత్రువు లేదు. జిగురు పచ్చబడి ఫొటోను లోపలి నుంచి తినేస్తుంది. వాటి నుంచి తీయాలి, కానీ గోటితో లాగకూడదు. ముందు పేజీ మొత్తాన్ని అలాగే ఫొటో తీసుకోండి. తర్వాత పళ్ల మధ్య శుభ్రం చేసుకునే మైనంలేని దంతదారాన్ని ఫొటో కింద నుంచి రంపంలా మెల్లగా లాగండి. మొండికేస్తే వదిలేసి, పేజీలో ఉండగానే స్కాన్ చేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోను అయితే అసలు లాగొద్దు, అద్దంతోనే స్కాన్ చేయాలి. లామినేషన్, సెల్లోటేపు, స్టేప్లర్ పిన్నులు దేనికీ వద్దు.

స్కాన్ చేసేటప్పుడు మామూలు సైజు ప్రింట్లకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టండి. 4×6 అంగుళాల ఫొటో 2400×3600 పిక్సెళ్లు వస్తుంది, రెండింతల సైజులో ప్రింటు తీసినా బాగుంటుంది. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలకు 1200, ఫిల్మ్ నెగటివ్‌లకు 2400 పైన పెట్టాలి. వెనకవైపు ఏమైనా రాసుంటే అదీ స్కాన్ చేయండి. స్కానర్ లేకపోతే పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి. రంగులద్దే, ముఖాలకు మెరుగులు పెట్టే యాప్‌లు వాడితే అది వేరే ఫైలుగా ఉంచండి. ఆ యాప్ ఊహించి గీసిన కళ్లు మీ ముత్తాత కళ్లు కావు.

ఇంకో సంగతి. మెసేజింగ్ యాప్‌లో ఫొటోను మామూలుగా పంపితే సైజు బాగా తగ్గిపోతుంది. ‘డాక్యుమెంట్’గా పంపమని బంధువులకు చెప్పండి.

అసలు ఫొటోలను అటకమీద, బాత్రూమ్ గోడ పక్కన, నేలమీద పెట్టొద్దు. వేడి, తేమ మారకుండా ఉండే లోపలి గది అల్మరా మంచిది. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఫొటోలకు హాయి.

ఉత్తరాలు, వస్తువులు

ఉత్తరాల మడతలు విప్పి, పిన్నులు తీసి, కవరుతో సహా వరసగా పెట్టండి. కవరు మీది పోస్టు ముద్రే చాలాసార్లు తేదీ చెబుతుంది. బిల్లుల మిషన్ నుంచి వచ్చే నున్నటి థర్మల్ కాగితం మీదున్నది కొన్నేళ్లలో చెరిగిపోతుంది, దాన్ని వెంటనే ఫొటో తీయాలి. వస్తువులకు ఒక్కోదానికి ఒక చీటీ: ఎవరిది, ఎప్పటిది, ఎందుకు ఉంచారు.

రాసి పెట్టుకోవడం

గంట ఆడియోను మాటకు మాట రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఈ లెక్క తెలియకే చాలామంది పది గంటలు రికార్డు చేసి, ఆ గుట్ట చూసి టెన్షన్ పడి పక్కన పెట్టేస్తారు. మొత్తం రాయక్కర్లేదు. విషయసూచిక రాయండి: ‘4:10 కుట్టుమిషన్. 12:40 నాన్న ఉద్యోగం పోవడం. 31:05 బడి గొడవ.’ గంటకు అరపేజీ. ఇది ఆ వారంలోనే చేసేయాలి, లేకపోతే మనకే గుర్తుండదు. గుండెకు తగిలిన రెండు మూడు చోట్లు మాత్రం పూర్తిగా రాయండి. రాసేటప్పుడు ఆవిడ యాసను పుస్తకం భాషలోకి మార్చొద్దు. ‘వచ్చిండు’ అంటే ‘వచ్చిండు’ అనే, ‘ఒచ్చినాడు’ అంటే ‘ఒచ్చినాడు’ అనే ఉండాలి. మాటలను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ వాడినా, పేర్లు, చుట్టరికాలు తప్పకుండా విని సరిచూసుకోండి.

టైపు చేసేది యూనికోడ్ తెలుగులోనే. యూనికోడ్ అంటే వేర్వేరు భాషల అక్షరాలను కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ ఒకేలా గుర్తుపట్టేలా చేసిన ప్రమాణం. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ ప్రమాణం నుంచే తెలుగు అందులో ఉంది, ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగుగానే కనబడుతుంది. అచ్చుపనికి వాడిన పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు, ఆ ఫాంటు లేనిచోట అర్థంకాని గుర్తులుగా మారిపోతాయి. ఇంట్లో ఎవరైనా అలా టైపు చేయించిన ఆత్మకథో వంశవృక్షమో ఉంటే, ప్రింటు కాపీ దొరుకుతుండగానే యూనికోడ్‌లోకి మార్పించండి.

ఫైళ్ల పేర్లు ముందు ఏడాది, నెల, రోజు వచ్చేలా పెడితే వాటంతటవే వరసలో నిలబడతాయి: 2024-08-11_అమ్మమ్మ-చెల్లెలు_బడి-గొడవ. ‘న్యూ రికార్డింగ్ 47’ అని వదిలేస్తే పదేళ్లకు ఎవరూ తెరవరు.

కాపీలు

ఒక్కచోట ఉంటే లేనట్టే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇంటికి కూడా సరిపోతుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. ఉదాహరణకు కంప్యూటర్‌లో ఒకటి, హార్డ్ డిస్క్ మీద ఒకటి, క్లౌడ్‌లోనో దూరంగా ఉండే అక్క ఇంట్లోనో ఇంకొకటి. పెన్‌డ్రైవ్ ఇచ్చిపుచ్చుకోవడానికే, ఏళ్లతరబడి దాచడానికి కాదు. ఇంట్లో రాసిన సీడీలు, డీవీడీలు వెలుతురుకు, వేడికి పాడవుతాయి, వాటిలో ఉన్నవి కూడా బయటికి తీసి పెట్టుకోండి. ఏడాదికోసారి, గుర్తుండేలా ఎవరిదో పుట్టినరోజున, హార్డ్ డిస్క్ తీసి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి.

క్లౌడ్ ఖాతా ఒక్కరి పాస్‌వర్డ్ మీద ఆధారపడి ఉంటే ఆ మనిషితోనే పోతుంది. గూగుల్ 2023 డిసెంబర్ నుంచి, రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నియమం పెట్టింది. ఆ ఖాతాలోనే ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనే సెట్టింగ్ ఉంది, మీరు వాడటం ఆగిపోతే ఎవరికి అందాలో అందులో రాయొచ్చు. ఆపిల్ ఫోన్లలో మీ తర్వాత ఖాతా ఎవరికి అందాలో చెప్పే ‘లెగసీ కాంటాక్ట్’ ఉంది. ఈ పని పది నిమిషాలు.

వీటన్నిటితో పాటు ముఖ్యమైన కథలు, పేర్లున్న ఫొటోలు ఒక చిన్న పుస్తకంగా ప్రింటు తీయించి ప్రతి ఇంటికీ ఒకటి ఇవ్వండి. కాగితానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. మా ఇళ్లలో హార్డ్ డిస్క్ తెరిచింది ఇద్దరే, పుస్తకం మాత్రం పిల్లలు కూడా తిప్పుతున్నారు. మా అక్క కూతురు అందులో కుట్టుమిషన్ పేజీ చదివి, "చక్రం గాలి" వినిపించమని ఫోన్ చేసింది. 4:10 దగ్గర తెరిచి వినిపించాను.

ఈ రాత్రే చేయగలిగినవి రెండు

మీ ఫోన్‌లో పెద్దవాళ్లు పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉండే ఉంటాయి. "చేరావా? తిన్నావా?" లాంటివి. చాట్ డిలీట్ అయినా, ఫోన్ పోయినా అవి పోతాయి. ఒక్కొక్కటీ ఎక్స్‌పోర్ట్ చేసి, తేదీతో పేరు పెట్టి, మిగతా ఫైళ్లతో పాటు ఉంచండి. కూర్చోబెట్టి చేసిన రికార్డింగుల్లో దొరకని మామూలు గొంతు వాటిలో ఉంటుంది.

రెండోది మీ సొంత గొంతు. మీకు ఎన్నేళ్లయినా సరే, మీ తర్వాత వచ్చేవాళ్లకు మీరే పాతకాలం మనిషి. ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను తువ్వాలు మీద పెట్టి, తేదీ, మీ పేరు చెప్పండి. తర్వాత, మీరు పెరిగిన ఇంట్లో గుమ్మం దాటగానే ఏం కనబడేదో చెప్పండి.